నల్లపెట్ట కూసిన మధ్యాహ్నం

భాగీరథి కుడి అరచేతిని నోటి దగ్గరకు తెచ్చుకుని ఒకసారి ఊదుతుంది. పొయ్యి రాజేసే ఊపిరి కాదు. పసిబిడ్డ కంట్లో నలక పడితే కొంగు ఉండచుట్టి, దాని మీద ఊది, కంటికి ఆనించే ఊపిరి. ఆ తర్వాత చెయ్యి చాపుతుంది. అందులో కోడిపిల్లను పెట్టాలి. పెట్టాక ఆమె దాని వంక చూడదు. ఎదురుగా ఏ గోడ ఉంటే ఆ గోడను చూస్తుంది. వేళ్లు మూసుకుంటాయి. పిల్ల అరుపు ఆగిపోతుంది. పది లెక్కపెట్టేంతసేపు అలాగే ఉండి వేళ్లు తెరుచుకుంటాయి.

“పుంజు” అంటుంది. లేదా “పెట్ట” అంటుంది. ఇంకేమీ అనదు.

జహీరాబాద్‌లో ఆ వాడకట్టు వాళ్లు నలభై ఏళ్లుగా ఆ మాట విని కోళ్లను వేరు చేసుకుంటున్నారు. పిల్లలు మూడు వారాలవి కాగానే చాటలో వేసుకుని ఆమె గడప దగ్గరకు తెస్తారు. అప్పటికి వాటికి జుట్టు రాదు, తోక రాదు, నడకలో తేడా రాదు. కళ్లున్నవాళ్లు ఎవరూ ఏమీ చెప్పలేని వయసు. ఆమె చెబుతుంది. మూడు నెలల తర్వాత చూసుకుంటే ఆమె పుంజు అన్నది పుంజే, పెట్ట అన్నది పెట్టే. ఒక్కటీ తప్పలేదు. వాడకట్టులో ఆమెకు ఉన్నది ఆ మాట ఒక్కటే.

ఆమెకు అరవై రెండేళ్లు. పుట్టింది ఝరాసంగంలో. భర్త బొంబాయి లారీల మీద పనిచేసేవాడు. పోయి ఇరవై ఏళ్లయింది. పిల్లలు లేరు. ఒక గది, ముందు చిన్న వాకిలి, వాకిట్లో చిక్కుడు తీగ. చలికాలం అల్లం తవ్వే రోజుల్లో అల్లం కడిగే పనికి పోతుంది. మిగతా కాలం కలుపుకు. అల్లం మంట ఏళ్లతరబడి తిని తిని ఆమె అరచేతిలో గీతలు అరిగిపోయాయి. ఒకసారి జాతరలో చెయ్యి చూసి చెప్పేవాడు ఆమె అరచేతిని వెలుతురుకు తిప్పి చూశాడు. చాలాసేపు చూశాడు. ఏమీ చెప్పకుండా వేళ్లు మడిచి ఆమె చేతిని ఆమెకు ఇచ్చేశాడు.

ఆమెకు ఒక కట్టుబాటు ఉంది. ఒకసారి చెప్పిన పిల్లను మళ్లీ చేతిలోకి తీసుకోదు. నేర్పినప్పుడే నాయనమ్మ చెప్పింది: “ఒక్కపారి అడుగు. రెండోపారి అడిగితే వేరే మాట చెప్తది.” ఎందుకని అప్పుడు అడగలేదు. తర్వాత అడగడానికి నాయనమ్మ లేదు. కడుపుతో ఉన్నవాళ్లు సరదాకు పొట్ట చూపించి “ఇది చెప్పు” అంటే మాత్రం ఆ చేతిని వెనక్కి దాచుకునేది.

*

ఆ వీధి చివర రామ్‌కిషన్ ఇల్లుంది. రామ్‌కిషన్‌కు అల్లం పొలం ఉంది, కిరాయికిచ్చిన నాలుగు పోర్షన్లు ఉన్నాయి. నాలుగింటిలోనూ ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లే. మూడు షిఫ్టులు. ఆ ఆవరణలో ఏ వేళ చూసినా ఎవరో ఒకరు నిద్రలో ఉంటారు. పట్టపగలు కిటికీలకు దుప్పట్లు కట్టి ఉంటాయి. పిల్లలు గుసగుసగా ఆడుకుంటారు. ఆడవాళ్లు బకెట్లను ఈడ్వరు, ఎత్తి పెడతారు. కొత్తగా వచ్చినవాళ్లకు మొదటి వారం ఇల్లంతా ఎవరో జబ్బుపడ్డట్టు ఉంటుంది. తర్వాత వాళ్లూ గొంతు తగ్గిస్తారు.

మూడో పోర్షన్‌లోకి ఝాన్సీ వచ్చింది. తణుకు వైపు నుంచి. భర్త సూర్యనారాయణ ఫ్యాక్టరీలో ఇంజన్లు బిగించే చోట పని. పెరట్లో ఖాళీ స్థలం చూసి ఆమె కోళ్లు పెంచుకుంటానంది. అంతకుముందు ఎన్నడూ పెంచలేదు. రామ్‌కిషన్ సరేనన్నాడు. ఒకటే షరతు. పుంజు ఉండకూడదు. షిఫ్టు చేసి పడుకున్నవాడి చెవి దగ్గర పుంజు కూస్తే ఎవడు ఊరుకుంటాడు?

బండి మీద వలగంపలు కట్టుకుని తిరిగే మనిషి దగ్గర ఝాన్సీ పన్నెండు పిల్లలు కొంది. రామ్‌కిషన్ భార్య రోజా వాటిని చూడటానికి వచ్చింది.

“అన్నీ పెట్టలేనన్నాడండీ అతను” అంది ఝాన్సీ.

“ఆడు గంపల పాముపిల్లలు తెచ్చినా పెట్టలే అంటడు, నువ్వు కొంటవ్. లే, మా వదినెకు చూపిద్దాం.”

రోజా వరసకు భాగీరథిని వదినె అంటుంది. ఇద్దరూ చాట పట్టుకుని భాగీరథి వాకిటికి వెళ్లారు. భాగీరథి అరచేతిలోకి ఊదింది. ఝాన్సీ ఒక్కో పిల్లనూ తీసి పెట్టింది. పెట్ట. పెట్ట. పుంజు. పెట్ట. పుంజు. పదకొండు అయ్యాయి. ఆరు పెట్టలు, ఐదు పుంజులు.

పన్నెండోది నల్లది. కాళ్లు కూడా నల్లవి. వేళ్లు మూసుకున్నాయి. పది దాటింది. ఇరవై దాటింది. వేళ్లు తెరుచుకోలేదు. చేతిలో బరువు ఉంది, వెచ్చదనం ఉంది. మాట లేదు. భాగీరథి గోడను చూస్తూనే ఉంది. అలా ఎన్నడూ జరగలేదు. ఖాళీ ఇంట్లోకి పిలిచినట్టుంది.

“ఇదొక్కటే నా వెంట తిరుగుతుందండీ, పిన్నిగారూ” అంది ఝాన్సీ.

భాగీరథి గోడ మీంచి చూపు తిప్పింది. ఝాన్సీ ముఖం వైపు. తర్వాత వేళ్లు విప్పింది.

“పెట్ట.”

చెయ్యి చెప్పకుండా ఆమె చెప్పిన మాట అదొక్కటే. ఐదు పుంజు పిల్లల్ని రోజా తీసుకుని తమ పొలానికి పంపింది. ఏడు పెట్టలు ఝాన్సీ పెరట్లో మిగిలాయి.

ఆ తర్వాత భాగీరథి ఏదో ఒక సాకుతో ఆ పెరటికి వస్తుండేది. ఝాన్సీ ఆమె తన మీద అభిమానంతో వస్తోందనుకుంది. అదీ నిజమే. కూర్చుని కోళ్ల సంగతులు చెప్పేది.

“నా చెయ్యి ఎన్నాళ్లుంటది బిడ్డా? నీకు కండ్లున్నయ్, చూసి నేర్చుకో. జుట్టు తొందరగ ఎర్రబడ్డదంటే పుంజు. కాళ్లు మొద్దుగుంటయ్. మెడ మీది ఈకలు చూడు. కొస గుండ్రంగుంటే పెట్ట, సూదిలెక్క ఉంటే పుంజు.”

ఒకసారి భుజం మీది తువ్వాలు తీసి కోళ్ల మీదుగా గాలిలోకి విసిరింది. ఏడూ నేలకు కరుచుకుపోయాయి.

“చూసినవా? గద్దనుకున్నయ్. పెట్ట ఒదుగుతది. పుంజు అయితే మెడ నిక్కించి నిలబడి చూస్తది.”

“ఏడూ ఒదిగాయి కదండీ!”

“ఒదిగినయ్” అంది భాగీరథి. ఏడింటినీ మళ్లీ ఒకసారి లెక్కపెట్టుకుంది.

ఆరో నెలలో అన్నిటికంటే ముందు నల్లదే గుడ్డు పెట్టింది. ఝాన్సీ దాని కింద చెయ్యి పెట్టి, వెచ్చగా ఉన్న గుడ్డు తీసి, చెప్పులు కూడా వేసుకోకుండా భాగీరథి ఇంటికి తెచ్చి ఇచ్చింది. “మీ మాటే మాటండీ” అంది. భాగీరథి ఆ గుడ్డును చాలాసేపు కింద పెట్టలేదు. నెలల తరబడి ఎవరికీ చెప్పుకోని భయం ఆ రోజు దిగింది.

*

రెండో చలికాలం వచ్చింది. దీపావళి తర్వాత నల్లపెట్ట గుడ్లు ఆపేసింది. పాత ఈకలు రాలి కొత్తవి వచ్చాయి. ఝాన్సీ పెరడు ఊడుస్తుంటే ఒక ఈక దొరికింది. నల్లది, మెరుస్తోంది. కొస సూదిలా ఉంది. చుట్టూ చూసింది. పుంజు లేదు, ఏడూ పెట్టలే. ఆ ఈకను పారేయకుండా కరెంటు మీటరు డబ్బా మీద పెట్టింది. ఎందుకు పెట్టిందో తనకే తెలియదు. ఎవరికీ చూపించలేదు.

దాని జుట్టు పెరిగింది. ఎరుపు చిక్కనైంది. మిగతా ఆరు కోళ్లు దానికి దారి ఇవ్వసాగాయి.

మాఘమాసంలో ఒక మధ్యాహ్నం. సూర్యనారాయణ రాత్రి షిఫ్టు చేసి వచ్చి పడుకున్నాడు. తలుపు దగ్గరగా వేసి ఉంది. మిగతా మూడు పోర్షన్ల కిటికీలకు కూడా దుప్పట్లు వేలాడుతున్నాయి. ఎండ నిలువుగా పడుతోంది. హైవే మీద లారీల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఝాన్సీ పెరటి మెట్టు మీద కూర్చుని కందిపప్పులో రాళ్లు ఏరుతోంది.

నల్లపెట్ట బట్టలుతికే బండ ఎక్కింది. ఇంటి తలుపు వైపు తిరిగి నిలబడింది. మెడ సాచింది. కూసింది.

పూర్తి కూత కాదు. మూడో స్వరం దగ్గర విరిగింది. ఎండిపోయిన గిలక మీద తాడు లాగినట్టుంది. కానీ కూతే. మిగతా ఆరు కోళ్లూ ఎక్కడివక్కడ నేలకు కరుచుకున్నాయి. పైన గద్ద లేదు. ఝాన్సీ ఆకాశం చూసింది. ఏమీ లేదు.

మళ్లీ కూసింది. తలుపు వైపే చూస్తూ.

రోజా తన వంటింట్లోంచి పిండి చేతులతో వచ్చింది. నోటి మీద వేలు పెట్టుకుని, గుసగుసగా అడిగింది.

“ఏందే అది? ఎవరిది పుంజు?”

“పుంజు కాదండీ.” ఝాన్సీ బండ వైపు చూపించింది.

“పెట్ట కూసిందా?” రోజా రెండడుగులు వెనక్కి వేసింది. “నీ మొగడేడి?”

“పడుకున్నారండీ.”

“లేసిండా?”

“లేదు.”

ఇద్దరూ తలుపు వైపు చూశారు. చెంచా పడితే లేచి కూర్చునే మనిషి సూర్యనారాయణ. పది అడుగుల దూరంలో రెండుసార్లు కూస్తే లేవలేదు.

ఝాన్సీ లోపలికి వెళ్లింది. గది చీకటిగా ఉంది. అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆమె వంగి, ముక్కు దగ్గర వేలు పెట్టింది. ఏమీ తగల్లేదు. వేలు అలాగే ఉంచింది. తర్వాత ఊపిరి తగిలింది. బయటకు వచ్చింది.

“ఉన్నారు” అంది, రోజా అడగకముందే.

“లేపకు. ఆ కూత మీద లేవొద్దంటరు.”

కాసేపటికి రామ్‌కిషన్ అన్నానికి వచ్చాడు. కాళ్లకు అల్లం పొలం మట్టి ఉంది. విషయం విని చెప్పులు విప్పకుండానే పెరట్లోకి వచ్చాడు. అతనూ గుసగుసగానే మాట్లాడాడు.

“పొద్దు గూకకముందే కొయ్యాలె. పెట్ట కూస్తే ఇంట్ల మగమనిషికి కీడు. కోసి రోడ్డు అవతల పారెయ్యాలె. ఎవ్వరు తినద్దు.”

“మావైపు కూడా అంటారండీ” అంది ఝాన్సీ. కోడిని చూసింది, తలుపును చూసింది. “ఒకవేళ పుంజయితే?”

“పుంజయితే పంచాయితే లేదు. పుంజు కూయకపోతే పురాణం చెప్తదా? నా షరతు తప్పినవ్, అంతే. ఎటన్న పంపిద్దువు.”

“పుంజెట్లయితది?” అంది రోజా. “దీని గుడ్లు నా చేతిల పెట్టింది ఈమెనే గదా. మొన్న దీపావళి దాంక తిన్నం.”

“నేను చెప్పుడు కాదు. భాగీరథక్క చెప్పాలె. ఆమెనే ఒప్పజెప్పింది, ఆమెనే వచ్చి చెప్పనీ.” రామ్‌కిషన్ కత్తి తేవడానికి ఇంట్లోకి వెళ్లాడు. రోజా భాగీరథి కోసం వెళ్లింది.

*

భాగీరథి అల్లం కడిగే కుండీ దగ్గరి నుంచి వచ్చింది. చేతులు మోచేతుల దాకా తడిగా ఉన్నాయి. పెరట్లోకి అల్లం వాసన వచ్చింది. బండ మీద నల్లకోడి కదల్లేదు. రామ్‌కిషన్ కత్తిని గోడకు ఆనించి పెట్టాడు.

“అక్కా, జర చెయ్యి పెట్టి చెప్పు. పుంజా, పెట్టా?”

“నేను రెండోపారి పట్టుకోను తమ్మీ. నీకెర్కే గదా.”

“ఇయ్యాల ఒక్కపారి పట్టుకో. ఫికర్ చేసేదేముంది? అప్పుడు పెట్టన్నవ్, ఇప్పుడూ అదే అంటవ్. చెప్పి పో. నా పని నేను జేసుకుంట.”

ఝాన్సీ భాగీరథి వంక చూస్తూ నిలబడింది. ఏడాదిన్నర కిందట చాట ముందు కూర్చుని చూసినట్టే.

భాగీరథి చెంగుతో కుడిచెయ్యి తుడుచుకుంది. నోటి దగ్గరకు తెచ్చి ఊదింది. బండ దగ్గరకు వెళ్లి కోడి రొమ్ము కింద అరచెయ్యి పెట్టింది. అది పారిపోలేదు. తన బరువంతా ఆ చేతి మీదకు దింపింది. ఎదురుగా గోడ లేదు. తలుపు ఉంది. భాగీరథి తలుపును చూసింది. లోపల నిద్రపోతున్న మనిషి అలికిడి లేదు. పెరట్లో ఎవరి అలికిడీ లేదు.

పది దాకా పోలేదు. మూడుకే చెయ్యి చెప్పింది.

పుంజు.

నాయనమ్మ మోకాళ్ల మధ్య కూర్చుని మొదటి పిల్లను పట్టుకున్నప్పుడు కూడా అంత స్పష్టంగా చెప్పలేదు. అరచెయ్యంతా కాలింది. గుడ్డు పెట్టిన కోడి అది. ఆ గుడ్డు ఆమె తిన్నది. ఇప్పుడు చేతిలో ఉన్నది పుంజు.

ఆమెకు అంతా తెలుసు. పెట్ట అంటే నలభై ఏళ్ల మాట నిలుస్తుంది. పొద్దుగూకేసరికి కోడి పోతుంది. పుంజు అంటే కోడి బతుకుతుంది, మాట పోతుంది. చెయ్యి చెప్పినదాన్ని ఆమె ఎన్నడూ మార్చి చెప్పలేదు. చెప్పనిదాన్ని చెప్పింది ఒక్కసారి. అది ఈ కోడి దగ్గరే.

వేళ్లు తెరిచింది.

“పుంజు.”

“ఏందీ?” రోజా గట్టిగా అని, వెంటనే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కొంగు వెనకనుంచి నవ్వింది. “వదినె, ఊకో. పుంజు గుడ్లు పెట్టిందా? ఎన్ని అట్లు పోసుకున్నమో!”

“ఆ గుడ్లు దీనివి కావు” అంది భాగీరథి. “అప్పుడు నేను తప్పు జెప్పిన.”

ఆ మాట ఆమె నోట ఎవరూ ఎన్నడూ వినలేదు. రామ్‌కిషన్ కత్తి వైపు వెళ్లబోయినవాడు ఆగాడు. రోజా నవ్వు ఆపి ఝాన్సీ వైపు తిరిగింది.

“నువ్వు జెప్పు. దీని కిందికెల్లి తీసిన అన్నవా లేదా?”

ఝాన్సీ తలుపు వైపు చూసింది.

“గంపలో ఉంటే తీసేదాన్నండీ. ఏది పెట్టిందో చూడలేదు. ఎర్రపెట్టవే అయ్యుంటాయి.” ఆమె మీటరు డబ్బా దగ్గరకు వెళ్లి ఈక తెచ్చింది. “ఇదిగోండి. దీనిదే. కొస చూడండి, సూదిలా ఉంది. పుంజుకే ఉంటుందని పిన్నిగారే చెప్పారు.”

రామ్‌కిషన్ ఈకను వెలుతురులో తిప్పి చూశాడు. అతని భుజాలు దిగాయి. అతనికీ కత్తి పట్టుకోవాలని లేదు.

“అయితే పుంజే. పోనీ తియ్. నలభై ఏండ్లకు ఒక్కటి తప్పింది. ఎవనికి తప్పదు?”

“ఒక్కటే అని నీకెట్ల తెలుసు?” అంది రోజా. “ఎన్ని తప్పిందో. మనం పుంజులని ఎన్ని పెట్టలను కోసుకతిన్నమో!”

భాగీరథి కోడిని బండ మీంచి ఎత్తి చంకలో పెట్టుకుంది.

“అక్కా, రేపు పొద్దుగాల్ల దీన్ని ఊరు దాటియ్యి” అన్నాడు రామ్‌కిషన్.

“ఝరాసంగంల మా తమ్ముని చేనుంది. ఆడ ఇడిచొస్త.”

అప్పుడు తలుపు తెరుచుకుంది. నలుగురూ ఒక్కసారి తిరిగారు. సూర్యనారాయణ లుంగీ ముడి వేసుకుంటూ గడప మీద నిలబడ్డాడు. వాళ్లు అతన్ని ఎంతో దూరం నుంచి తిరిగొచ్చిన మనిషిని చూసినట్టు చూశారు.

“ఏంటే, అందరూ ఇక్కడున్నారు? ఏంటలా చూస్తారు?”

“ఏం లేదండీ” అంది ఝాన్సీ.

“మొద్దునిద్ర పట్టేసింది. తెల్లారిపోయింది, డ్యూటీకి లేటయిందనుకున్నా. కోడి కూసినట్టు కల.” కళ్లు నులుముకున్నాడు. “టీ పెడతావా?”

భాగీరథి గేటు దాటేసరికి ఝాన్సీ వెనకాలే పరుగెత్తుకొచ్చింది.

“పిన్నిగారూ. మొదటి గుడ్డు నేనే తీశాను. దాని కింద నుంచి. నా చేత్తో.”

“ఎర్కే బిడ్డా. నాకే తెచ్చిస్తివి గదా.”

“నా కోసం అబద్ధం చెప్పారా? చెయ్యి నిజంగా ఏం చెప్పిందండీ?”

“అది జెప్పిందే జెప్పిన.”

ఝాన్సీ కోడి మెడ నిమరడానికి చాపిన చేతిని వెనక్కి తీసుకుంది.

*

ఆ సాయంత్రం భాగీరథి వాకిట్లో కూర్చుంది. కోడి లోపల గంప కింద ఉంది. అరచెయ్యి ఇంకా చల్లారలేదు. బిందెలో ముంచింది. తీసి చూసుకుంది. చల్లారలేదు. గీతలు లేని చెయ్యి ఎర్రగా ఉంది, అంతే.

శ్యామల అనే ఆమె రెండు వీధుల అవతలి నుంచి ఆ సాయంత్రం పిల్లలను తెస్తానంది. చాట ఎత్తుకుని వస్తూ వీధి మలుపులో కనిపించింది. రోజా గేటు దగ్గర నిలబడి ఆమెను ఆపి ఏదో చెప్పింది. శ్యామల ఇటు చూసింది. చాటలో పిల్లల అరుపులు ఇక్కడిదాకా వినిపిస్తున్నాయి. ఆమె వెనక్కి తిరిగింది. అరుపులు సన్నబడి ఆగిపోయేదాకా భాగీరథి వింది.

అప్పటికే చేతిని నోటి దగ్గరకు తెచ్చుకుని ఉంది. దించుకుంది.

*

మర్నాడు పొద్దున ఇంకా వెలుతురు రాకముందే కోడి కూసింది. గదిలో, మూడడుగుల దూరంలో. ఈసారి మూడో స్వరం దగ్గర విరగలేదు. పూర్తిగా కూసింది. దూరంగా ఎవరి పెరటి పుంజో దానికి బదులిచ్చింది.

భాగీరథి లేచి గంప ఎత్తింది. కోడి నిలబడి ఉంది. దాని కాళ్ల మధ్య గుడ్డు ఉంది.

చిన్న గుడ్డు. పావురం గుడ్డు అంత. వెచ్చగా ఉంది.

దాన్ని పట్టుకుని తలుపు తీసింది. బయట రోజా ఇంటి ముందు కళ్లాపి చల్లే చప్పుడు వినిపిస్తోంది. పది ఇళ్ల అవతలే. ఈ గుడ్డు తీసుకెళ్లి ఆమె చేతిలో పెడితే చాలు. మొదట చెప్పింది తప్పు కాదని తెలుస్తుంది. శ్యామల చాట మళ్లీ వస్తుంది. కత్తి కూడా వస్తుంది.

వాకిట్లో మెట్టు అంచుకు కొట్టి గుడ్డు పగలగొట్టింది. లోపల పచ్చసొన లేదు. నీళ్లలాంటి తెల్లసొన ఒక్కటే. చిక్కుడు మొదట్లో పోసింది. పెంకును వేళ్లతో నలిపి మట్టిలో కలిపింది. మీద కాలితో తొక్కింది.

కోడిని గుడ్డసంచిలో పెట్టి, మెడ బయటికి ఉంచి, సంచి మూతి వదులుగా కట్టింది. తాళం వేసి వీధిలోకి నడిచింది. రోజా చీపురు పట్టుకుని నడుము నిలిపింది.

“వదినె, పుంజు పైలం. తొవ్వల గుడ్డు పెడ్తదేమో!”

“పెడితే నీకే తెచ్చిస్త తియ్” అంది భాగీరథి. ఆగలేదు.

రోడ్డు మీద ఝరాసంగం పోయే ఆటో నిలబడి ఉంది. నడిపే చందర్‌కు ఆమె తెలుసు. వాళ్లమ్మ కోడిపిల్లలకు ఎన్నిసార్లో చెప్పింది. నిన్నటి సంగతి అతనికింకా చేరలేదు. ఆమె ఎక్కి కూర్చుని సంచి ఒళ్లో పెట్టుకుంది. అతను అద్దంలోంచి కోడిని చూశాడు.

“ఏం అవ్వా, పుంజా, పెట్టా?”

భాగీరథి కుడిచెయ్యి లేచింది. నోటి దాకా పోలేదు. సంచి మీదికి దిగింది.

“పుంజు” అంది.

ఆటో కదిలింది. చెరుకు లారీలు దాటిపోయాయి. ఝరాసంగం వచ్చేదాకా ఆమె ఆ చెయ్యి దాని మీంచి తీయలేదు.